కొల్లేటి సీమలో వాడిన పెద్దబండి బేరము



నేడు నేను ముచ్చటింపబోవు విషయము మోటారుబండ్లను గూర్చినది. అందును క్రొత్తబండి మాట కాదు. ఒకరు కొని, నాలుగైదేండ్లు నడిపి, అమ్మకమునకు నిలిపిన పెద్ద విలాసపుబండి మాట. ఇది పడుచువాండ్ర ముచ్చట గదా, పెద్దలకెందుకని కొందఱనుకొనవచ్చును. కాని మన సీమలో కుమారుడు బండిని చూచి వచ్చును, మనుమడు రంగు నిర్ణయించును, సొమ్ము మాత్రము ఇంటిపెద్ద సంతకము లేక కదలదు. సంతకము చేయువాడు బండి యడుగుభాగము గూడ ఒకమాఱు చూచుట మేలని నా యభిప్రాయము.

నేను చిరకాలము ఇంజనుల పనిలో నుంటిని. మొదట నీటిపంపులు, తరువాత లారీలు, పిదప కార్లు. ఇపుడు పని మానితిని గాని, ఏలూరు మొదలు తాడేపల్లిగూడెము వఱకు తెలిసినవారెవరైన పాతబండి కొనబోవునపుడు నన్ను తోడు రమ్మందురు. వెనుక ఎద్దులసంతకు పోవునపుడు పండ్లు పట్టి చూడనేర్చినవాని నొకని వెంట తీసికొనిపోయెడివారు గదా, ఇదియు నట్టిదే.

ఆడి వారి క్యూ5, బి.ఎం.డబ్ల్యు. వారి ఎక్స్3, మెర్సిడెస్ బెంజి వారి జి.ఎల్.సి., వోల్వో వారి ఎక్స్.సి.60 - ఈ పేరులు ఇపుడు కైకలూరు, ఆకివీడు, భీమడోలు ప్రాంతముల రచ్చబండల మీద గూడ వినవచ్చుచున్నవి. ఇవి మిక్కిలి పెద్దవియు కావు, చిన్నవియు కావు. అయిదుగురు సుఖముగా కూర్చుండవచ్చును. ఎత్తుగా నుండుటచే గతుకులదారిని అడుగు తగులుట తక్కువ. క్రొత్తది కొనవలెనన్న అఱువది లక్షలకు పైమాట. అయిదాఱేండ్లు నడచినది అందు సగమునకును తక్కువకే దొరకుట కద్దు. రెండు పట్టుబడులు వరుసగా కలిసివచ్చిన రైతునకు ఆ సగము ధర చేతికందునట్లే కనబడును. అయితే 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము మన దేశపు సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచినపుడు రొయ్యలరైతుల గుండెలు ఎట్లు జారినవో మీరెఱుగుదురు. చెఱువు ఇచ్చిన సొమ్మును చెఱువే మరల అడుగు దినములుండును. కావున ఈ బేరమున పోగొట్టుకొన్న సొమ్ము వట్టి బండిసొమ్ము కాదు, మఱుసటి పంటకు మేతసొమ్ము.

ముందుగా ధర సంగతి. బీమా కంపెనీలవారు బండి విలువ కట్టుటకు ఒక పట్టిక కలదు. బండి వయస్సు ఆఱు నెలలలోపైన నూటికి 5, ఏడాదిలోపైన 15, రెండేండ్లలోపైన 20, మూడేండ్లలోపైన 30, నాలుగేండ్లలోపైన 40, అయిదేండ్లలోపైన 50 చొప్పున తఱుగు తీయుదురు. విలాసపుబండ్లు సంతలో ఇంతకంటెను వేగముగా దిగుట నేను తఱచు చూచితిని. మఱియొక విషయము. 2025 సెప్టెంబరు 22వ తేది మొదలుకొని పెద్దకార్లపై పన్ను తగ్గినది. అంతకు ముందు సెస్సుతో కలిసి నూటికి 50 వఱకు నుండినది, 40 అయినది. క్రొత్తబండి వెల దిగినపుడు పాతబండి వెలయు దిగవలెను. అమ్మువాడు మాత్రము తాను కొన్ననాటి రసీదును చూపి అందుండి తగ్గించుకొని వచ్చును. మీరు నేటి క్రొత్తధరను కనుగొని, అక్కడినుండి లెక్క మొదలిడుడు.

ధర విషయమున మన వారు మఱచు సంగతి ఒకటి కలదు. బండి ధర సగమైనను దాని విడిభాగముల ధర సగము కాదు. 70 లక్షల బండికి తగిన దీపమును కంపెనీవారు అమర్చిరి. మీరు ఆ బండిని 30 లక్షలకు కొన్న పిదప దీపము పగిలినచో, 70 లక్షల బండి దీపపు వెలయే యీయవలెను. టైర్లు, బ్రేకులు, గేరుపెట్టెలో పోయు నూనె, అన్నియు నంతే. వీని మరమ్మతునకు కంపెనీని బట్టి విజయవాడకో, విశాఖపట్టణమునకో, హైదరాబాదునకో పోవలసియుండును. కొన్న ధరలో ఆఱవపాలు వేఱుగా దాచి యుంచగలవారే ఈ బండ్ల జోలికి పోవుట మంచిదని నేను చెప్పుచుందును. ఇది నా లెక్కయే గాని ఏ పుస్తకములోని లెక్కయు కాదు.

ఇక అసలు సంగతికి వత్తును. ఇతర సీమలలో పాతబండి కొనువాడు మొదట ఎన్ని కిలోమీటర్లు తిరిగినదని అడుగును. మన సీమలో మొదట అడుగవలసినది, ఈ బండి ఎన్నడైన నీట నిలిచినదా యని.

మన భూమి తీరు మీకు తెలిసినదే. కృష్ణ, గోదావరుల డెల్టాల నడుమ పల్లమున కొల్లేరున్నది. విజయవాడ మీదుగా బుడమేరు, ఏలూరు ప్రక్కగా తమ్మిలేరు వచ్చి అందు కలియును. ఆ నీరంతయు ఉప్పుటేరు గుండ సముద్రమునకు పోవలెను. వరదయేడాదులలో ఏలూరు నుండి కైకలూరు పోవు మార్గముపై నీరు పాఱి రాకపోకలు నిలుచుట మనకు క్రొత్త కాదు. 2024 ఆగస్టు నెలాఖరున, సెప్టెంబరు మొదట కురిసిన వానలకు బుడమేరు గట్లు తెగి విజయవాడలో సింగునగరు మొదలగు పేటలు దినములతరబడి నీటిలో నుండెను. ఇండ్లముంగిట నిలిపిన బండ్లు నిలిపినచోటనే మునిగినవి. అంతకుముందు 2015 లోను 2023 లోను చెన్నపట్టణమునందు, 2020 అక్టోబరులో హైదరాబాదునందు ఇట్లే జరిగెను.

మునిగిన బండి ఏమగును? మరమ్మతు వ్యయము బీమా విలువలో 75 శాతమును మించునేని బీమావారు దానిని పూర్తినష్టముగా నెంచి యజమానికి సొమ్ము చెల్లింతురు. బండి అటుపిమ్మట తక్కువ వెలకు అమ్ముడుపోవును. కొన్నవాడు దానిని ఇనుపతుక్కుగా విడదీయునా, కడిగి తుడిచి మరల నిలువబెట్టునా అను సంగతి సీబుక్కు మీద వ్రాసియుండదు. అన్ని బండ్లును అట్టివే యని నేననుట లేదు. విజయవాడలో వఱదను చూడని మంచిబండ్లు ఎన్నియో యున్నవి. కాని చౌకగా దొరకునది ఎందుకు చౌకయో తెలిసికొనుట మన పని.

నీరు బండిని రెండు విధముల చెఱచును. మొదటిది ఇంజనునకు. ఇంజను గాలిని పీల్చి, గొట్టములో నొక్కి, మండించును. గాలి నొక్కిన కుంచించుకొనును, నీరు కుంచించుకొనదు. గాలిగొట్టము గుండ నీరు పోయినపుడు, పైకి వచ్చు పిస్టను ఆ నీటిని కొట్టుకొని, దానిని మోయు కడ్డీ వంగిపోవును. నీటిలో ఆగిన బండిని మరల స్టార్టు చేయబోవుటచే ఈ ప్రమాదము తఱచు కలుగును. సామాన్యమైన బీమా ఇట్టి నష్టమును భరింపదు. ఇంజనునకు ప్రత్యేకముగా అదనపు రక్షణ కొనియుండవలెను. రెండవది విద్యుత్తీగలకు. ఇది మెల్లని విషము. ఈ విలాసపుబండ్లలో చిన్నచిన్న కంప్యూటరుపెట్టెలు అనేకములు. తీగలకట్టలు కూర్చుండు పీటల క్రిందను, తివాచీ క్రిందను పోవును. కొన్నిటికి బ్యాటరీ వెనుక సామానుల అఱ అడుగున నుండును. అనగా నీరు మోకాలిలోతు వచ్చిననే చాలును, ఇంజను తడవకున్నను తీగలు తడియును. రాగి పచ్చబడి, నెలలు గడచిన పిదప ఒకనాడు అద్దము దిగదు, మఱునాడు దీపము వెలుగదు, ఇంకొకనాడు గాలిసంచి దీపము ఎఱ్ఱగా వెలిగి ఆఱదు. ప్రమాదమున ప్రాణము కాపాడవలసినది ఆ గాలిసంచియే.

కావున బండిని చూడబోవువారు ఉదయముననే పోవుడు. రాత్రి దీపముల వెలుగులో ఎంత పాతబండియైనను పెండ్లికొడుకు వలె కనబడును. ఇంజనును ముందుగా వేడిచేసి యుంచవద్దని, బండిని కడుగవద్దని అమ్మువానికి ముందే చెప్పుడు. అద్దములన్నియు మూసి పదినిమిషములు లోపల కూర్చుండుడు. తడిసి ఆరిన గోనెవాసన వచ్చునా? లేక ఆ వాసనను కప్పుటకు అత్తరు మితిమీఱి చల్లిరా? పీటల క్రింద పట్టాలకు బిగించిన మరలను చూడుడు. ఎన్నడును ఎండవానలు సోకని ఆ మరలకు తుప్పు పట్టవలసిన పనిలేదు. తివాచీ అంచును పైకి లేపి చూడుడు. వెనుక సామానుల అఱలో పలకను ఎత్తి, మూలలను వ్రేలితో తుడిచి చూడుడు. పైభాగమున ఎంత కడిగినను ఆ మూలలలో సన్నని ఒండ్రు మిగిలియుండును. మన రైతునకు ఒండ్రును గుర్తుపట్టుట ఎవరు నేర్పవలెను?

అన్నిటికంటె నాకు నమ్మకమైన గుఱుతు నడుమునకు కట్టుకొను బెల్టు. ముందుపీటల బెల్టు చుట్టుకొనియుండు చక్రము తలుపుల నడిమి కంబములో క్రిందిభాగమున నుండును. కడిగెడివాడు పైకి కనబడినంత బెల్టును కడుగును. చక్రమునకు చుట్టుకొనిన కొస వానికి కనబడదు. మండవల్లి వైపు చేపలచెఱువులున్న నా మేనల్లుడొకడు ఒక జర్మనుబండిని చూచి మురిసి నన్ను తీసికొనిపోయెను. నాలుగేండ్ల బండి; తళతళలాడుచుండెను. దళారి నాకు కుర్చీ వేసి, "బాబాయిగారూ, ఇది డాక్టరుగారి బండండి. ఇంటికీ ఆసుపత్రికీ తప్ప తిరగలేదండి" అనెను. నేను మాటాడక బెల్టును పట్టి తుదివఱకు లాగితిని. రెండు మూరలు నల్లగా నిగనిగలాడుచు వచ్చెను. ఆ తరువాత మట్టిరంగు గీత, దానికి క్రింద అంతయు బురదమరక. "కాఫీ ఒలికిందండి" అని దళారి. నా మేనల్లుడు అవతలివైపుకు పోయి రెండవ బెల్టును లాగి చూచి, "మామయ్యా, రెండు బెల్టులకూ ఒకే ఎత్తున ఒలికిందా?" అని అడిగెను. దళారి నవ్వెను, మేమును నవ్వితిమి, లేచి వచ్చితిమి. అంత ముచ్చటపడిన బండి విడిచి వచ్చుటచే పాపము మేనల్లుడు దారిపొడుగున నాతో మాటాడలేదు.

కంటికి కనబడని దానిని కంప్యూటరు పరీక్ష కొంత చెప్పును. స్టీరింగు క్రింద నుండు రంధ్రమునకు ఒక పరికరమును తగిలించి దోషముల పట్టికను తీయుదురు. పరస్పరసంబంధము లేని పెట్టెలలో ఒకేమాఱు దోషములు కనబడినచో నీటిని శంకింపవలెను. పట్టిక మొన్ననే తుడిచివేయబడి శుభ్రముగా నున్నను శంకింపవలసినదే. అట్లే చాసిస్ నంబరును చెప్పి అధీకృత మరమ్మతుశాలలో పూర్వపు మరమ్మతుల చిట్టాను అడుగవలెను. అమ్మువాడు దీనికి ఒప్పుకొననిచో అక్కడితో లెండు. బీమా పత్రములోను ఒక సూచన దొరకును. నష్టపరిహారము కోరని యజమానికి ఏటేట ప్రీమియములో తగ్గింపు నూటికి 20, 25, 35, 45, 50 వఱకు పెరుగుచు పోవును. నాలుగేండ్ల బండికి ఆ తగ్గింపు సున్నయైనచో, క్రిందటి యేట ఏదో పరిహారము పొందియుండవచ్చును. దేనికి పొందిరో అడుగుడు.

వరదనీరు తీపినీరు. ఉప్పునీటి సంగతి వేఱు. ఉప్పుటేటి వెంబడి సముద్రపు పోటు పైకి వచ్చును. వనామీరొయ్యల చెఱువులలో నీరు ఉప్పగా నుండును. ఏరేటర్లు దానిని రాత్రింబవళ్లు తుంపరగా చిమ్మును. ఆ గట్లమీద ఏండ్లతరబడి నిలిచిన బండి ఎన్నడును మునుగకపోయినను అడుగున తినివేయబడును. టార్చి పట్టుకొని బండి క్రిందికి వంగి చూడుడు. మోకాళ్లు సహకరింపనివారు లిఫ్టుమీదికి ఎక్కించి చూపుమనుడు. బ్రేకునూనె గొట్టములు, చక్రములను పట్టియుండు చేతులు, పొగగొట్టపు అతుకులు చూడవలెను. ఇనుము ఎఱ్ఱబడును, అల్యూమినియము తెల్లని పొడి రాలును. క్రొత్తగా నల్లరంగు పూసియుండిన, ఆ రంగు క్రింద ఏమున్నదో గోటితో గీకి చూడుడు.

డీజిలు బండ్లను గూర్చి ఒక మాట. 2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన బి.ఎస్.6 నిబంధనల వలన ఇట్టి డీజిలు బండ్ల పొగగొట్టమున మసివడపోత యుండును. అందు చేరిన మసి కాలిపోవలెనన్న బండి ఒక్క పరుగున కొంతసేపు వేగముగా పోవలెను. లంకల రోడ్లమీద, చెఱువుగట్లమీద ఎద్దుబండినడకను తిరిగెడి వానికి అది కాలదు, నిండిపోవును, ఇంజను నీరసించును. అట్టి వడపోతను మార్చుట బహువ్యయము. కావున పరీక్షకు కేవలము ఊరిలో ఒక చుట్టు త్రిప్పి రాకుడు. ఏలూరు నుండి తాడేపల్లిగూడెము వఱకు 16వ నంబరు జాతీయరహదారిపై సుమారు 50 కిలోమీటర్లు. అంత దూరము నడిపి, ఉల్లిపాయల సంతకడ తిరిగి, వెనుకకు రండు. హెచ్చరికదీపము దేనికైన వెలిగినచో అప్పుడే వెలుగును. కొన్ని డీజిలు బండ్లకు యూరియా ద్రవము గూడ పోయవలెను. అది పరిశుద్ధజలమున నూటికి 32.5 పాళ్లు శుద్ధయూరియా కలిపినది. పొలమునకు చల్లు యూరియాను బకెట్టులో కరగించి పోసినచో దానిలోని మాలిన్యములచే యంత్రము చెడును. తెలివిగలవారమని ఇట్టి పని చేయువారు లేకపోలేదు. ఎక్కువగా గట్లమీదనే తిరుగువారికి పెట్రోలుబండియే మేలు. ఆడి వారు 2020 నుండి మన దేశమున డీజిలుబండ్లను అమ్ముట మానుటచే వారి యిటీవలి క్యూ5లో ఈ చిక్కు లేదు.

కాగితములు మిగిలినవి. బండి మన రాష్ట్రములోనిదేయైన 29, 30 నంబరుల ఫారములు చాలును. అప్పుమీద కొన్న బండియైన బ్యాంకువారి బాకీ తీరినట్లు 35వ ఫారము కావలెను. ఇతర రాష్ట్రమునుండి వచ్చినదైన అక్కడి అధికారి అభ్యంతరము లేదని యిచ్చు 28వ ఫారము రావలెను. ఢిల్లీ బండ్లు చౌకయని చాలమంది ఉబలాటపడుదురు. పదియేండ్లు దాటిన డీజిలు బండ్లపై 2015 నుండి హరిత ట్రిబ్యునలు, పిదప 2018 లో సుప్రీముకోర్టు విధించిన నిర్బంధముల వలన అక్కడివారు ఇట్టి బండ్లను దూరదేశములకు అమ్మివేయుట జరిగినది. చౌక నిజమే. కాని పండ్రెండు నెలలకు మించి మన రాష్ట్రమున నుంచుకొనిన ఇక్కడి నంబరు వేయించుకొని, ఇక్కడి జీవితకాలపు పన్ను కట్టవలెను. బండి విలువయు వయస్సును బట్టి అది లక్షలలో నుండవచ్చును. ఆ మొత్తమును రవాణాశాఖ కార్యాలయమున ముందే విచారించి ధరలో కలుపుకొని చూచిన, ఢిల్లీ చౌక సగము కరగిపోవును. వ్యాపారస్థునికడ కొన్నచో అతని లాభముపై 18 శాతము జి.యస్.టి. యుండును. ఒక గృహస్థు మఱియొక గృహస్థునకు అమ్మిన అది లేదు.

ఇందాకటి నుండి కొనువాని పక్షమున మాటాడితిని. మీలో ఉన్న బండిని అమ్మి పెద్దది కొనువారును ఉందురు. వారు వినవలసిన మాట ఇది. అమ్మినవాడు ఆ సంగతిని, రాష్ట్రములోపలనైన 14 దినములలో, రవాణాశాఖకు తెలియజేయవలెను. కొన్నవాడు 30 దినములలో తన పేరునకు మార్పించుకొనవలెను. బీమాను 14 దినములలో మార్పించుకొనవలెను. సంతకము చేసిన ఖాళీఫారములను దళారి చేతిలో పెట్టి సొమ్ము తీసికొని వచ్చు అలవాటు మన యూళ్లలో మెండు. ఆ బండి రెండు మూడు చేతులు మాఱి, ఒకనాడు ఎవరినో గ్రుద్దిన, నష్టపరిహారము ఎవరి మీద పడును? రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే యజమానియని 2018 లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. బండిని అమ్మి ఏండ్లు గడచినను పేరు మాఱనంతవఱకు భారము మీదే.

కావున బండి చేతులు మాఱునపుడు ఇరువురును ఒక కాగితము వ్రాసికొనుడు. అందు బండి నంబరు, చాసిస్ నంబరు, ఆనాటి మీటరు సంఖ్య, చెల్లించిన సొమ్ము, చెల్లింపవలసిన పాత చలానాలెవరివియో స్పష్టముగా నుండవలెను. బండి వరదనీటిలో మునుగలేదని అమ్మువాని చేత ఒక వాక్యము వ్రాయింపుడు. వ్రాయుటకు జంకినవాని జవాబు మీకు అక్కడనే దొరకును. తేదితోపాటు తాళపుచెవి ఇచ్చిన గంటను గూడ వ్రాయింపుడు. ఉదయము పదిగంటలకు ఏలూరున అమ్మిన బండి మధ్యాహ్నము తాడేపల్లిగూడెము దారిలో ఏమి చేసినదను ప్రశ్న వచ్చినపుడు ఆ గంటయే సాక్ష్యమగును.